అతుకు కనపడని సినిమా

నన్ను పిన్ని వాళ్ళింటికి పంపించింది సెలవులని కాదు. సెలవులు రాకముందే నేను బడి మానేశాను. పొద్దున్న బస్సు వేళకి కడుపునొప్పి అని ముసుగుతన్ని పడుకునేదాన్ని. బస్సు వెళ్ళిపోయిన చప్పుడు వినపడ్డాక లేచి ముఖం కడుక్కునేదాన్ని. డాక్టరు పొట్ట అటూ ఇటూ నొక్కి చూసి ఏమీ లేదన్నాడు. బయటికి వచ్చాక నాన్న, "ఏమీ లేకపోవడమే దీని రోగం. ఒళ్ళు బద్ధకం," అన్నాడు.

నాకు కడుపునొప్పి లేదు. ఆ బస్సులో కండక్టరు ఉన్నాడు. టిక్కెట్టిచ్చి చిల్లర చేతిలో పెట్టేటప్పుడు నా చెయ్యి వదిలేవాడు కాదు. రోజూ పేరు అడిగేవాడు, రోజూ మర్చిపోయినట్టు. సీట్లు ఖాళీగా ఉన్నా తన పక్కనే కూర్చోమనేవాడు. ఒకరోజు నేను దిగబోతుంటే దారికి అడ్డంగా కాలు చాపి నవ్వాడు. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వచ్చాను.

ఎవరికీ చెప్పలేదు. మా ఎదురింటి అక్క ఇలాంటిదే ఏదో ఇంట్లో చెప్పింది. మర్నాటి నుంచి ఆమెను గడప దాటనివ్వలేదు. కాబట్టి చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. చెప్పకపోతే ఏమవుతుందో నాన్న ముందే చెప్పేశాడు. సెలవులయ్యాక కూడా ఇదే వరసైతే చదువు మాన్పించేస్తానన్నాడు. ఎటు తిరిగినా పోయేది చదువే. వచ్చే ఏడాది నాది పదో తరగతి.

పిన్ని అంటే అమ్మ చెల్లెలు. టీవీ చానల్లో సినిమాలు కత్తిరించే ఉద్యోగం ఆమెది. థియేటర్లో ఆడిన సినిమాను ఉన్నదున్నట్టు టీవీలో వెయ్యరు. ముందు పిన్ని దగ్గరికి వస్తుంది. తిట్లున్న చోట మాట వినపడకుండా చేస్తుంది. మందు సీసాలు, నెత్తురు కనిపించే చోట మసక చేస్తుంది. ఇంట్లో అందరూ కూర్చుని చూడలేరనిపించిన సీను తీసేస్తుంది. ఆ తరవాత సినిమా రేటింగు బోర్డుకి వెళుతుంది. వాళ్ళు "అందరూ చూడొచ్చు" అంటే చానలు వాళ్ళు ఎప్పుడైనా వేసుకోవచ్చు. "పిల్లలు పెద్దవాళ్ళతో కలిసి చూడాలి" అంటే రాత్రి తొమ్మిది దాటాకే వెయ్యాలి. పెద్దవాళ్ళు మాత్రమే చూడాల్సిన మూడో రకం మా పిన్ని దగ్గరికే రాదు. మధ్యాహ్నం వేసే సినిమాకే ప్రకటనలు ఎక్కువట. అందుకని ఏ సినిమా వచ్చినా "అందరూ" అనిపించుకోవాలని మేనేజరు తాపత్రయం.

పగలు ఇంట్లో ఎవరూ ఉండరు. నన్ను ఒక్కదాన్నీ వదలడం ఇష్టంలేక పిన్ని తనతో పాటు ఆఫీసుకి తీసుకెళ్ళేది. టైర్ల కొట్టు మీద మూడో అంతస్తులో ఆమె గది. గోడలకి నల్లటి స్పాంజి అంటించి ఉంటుంది. కిటికీకి మందపాటి తెర, బల్ల మీద రెండు స్క్రీన్లు. లోపల ఎప్పుడూ చలే. పిన్ని శాలువా కప్పుకుని, చెప్పులు విడిచి కాళ్ళు కుర్చీలో మడుచుకుని పనిచేసేది. నాకు పక్కనే కొంచెం వెనగ్గా కుర్చీ వేసింది. ఆ కుర్చీ అక్కడే ఎందుకు వేసిందో మొదట్లో నాకు తెలియలేదు.

నాకు సినిమా చూడటం సరిగ్గా రాదు. మా ఇంట్లో టీవీలో హీరో హీరోయిన్ దగ్గరికి రెండడుగులు వేస్తే చాలు, నాన్నకి దగ్గొస్తుంది. అమ్మకి పొయ్యి మీద పాలు గుర్తొస్తాయి. రిమోటు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు వార్తలు పెట్టేస్తారు. వార్తల నుంచి తిరిగి వచ్చేసరికి ఆ ఇద్దరికీ పెళ్ళయిపోయి ఉంటుంది. అలా పెరగడం వల్ల ఏదైనా మొదలవుతోందని అనిపిస్తే నా తల దానంతటదే కిందికి వంగిపోతుంది.

పిన్ని కత్తిరించిన సినిమా ఒకటి ఆదివారం ఇంట్లో చూస్తుంటే విషయం తెలిసింది. నేను ఎక్కడెక్కడ తల దించానో ఆ ముక్కలన్నీ మాయం. హీరోయిన్ తల ఆరబెట్టుకునే చోటు లేదు. భర్త భార్యను ముద్దుపేరుతో పిలిచే చోటూ లేదు. ఆవు ఈనే సీను మాత్రం మొత్తం ఉంది. అది మా దొడ్లో చూసిందే కాబట్టి నేను తల దించలేదు. అడిగితే పిన్ని నవ్వింది. ఇన్నేళ్ళుగా రోజంతా ఇవే చూసి చూసి తన కళ్ళు మొద్దుబారిపోయాయంది. ఏది చూసినా ఏమీ అనిపించడం లేదట. మొన్నామధ్య ఏదో సీను వదిలేస్తే ఎవరో తండ్రి ఫోన్ చేసి మేనేజరుని దులిపేశాడట. అందుకని ఆరిపోయిన రెండో స్క్రీను అద్దంలో నన్ను చూస్తూ, నా తల వంగిన చోటల్లా గుర్తు పెట్టుకుంటోందట.

"అంటే నేను సిగ్గుపడితే సినిమా తెగిపోతుందా?" అన్నాను.

"నీకంటే మంచి మీటరు నాకెక్కడ దొరుకుతుందే అమ్మడూ," అంది.

ఆ మర్నాడు మేనేజరు గదిలోకి వచ్చాడు. బొద్దుగా, ఎప్పుడూ తొందరలో ఉండే మనిషి. ఆ సినిమా సగానికి సగం తరిగిపోయిందని తల పట్టుకున్నాడు.

"నేను సినిమా అడిగానమ్మా. మీరు ట్రైలరు ఇచ్చారు," అన్నాడు.

ఆయన వెళ్ళాక పిన్ని నా వైపు తిరిగి, సిగ్గు కాస్త తగ్గించుకోమంది, తన ఉద్యోగం కూడా ఉండాలి కదా అంది. ఆఫీసులో అప్పటి నుంచి నా పేరు మీటరు. టీ తెచ్చే ఆయన కూడా, "మీటరుగారికి చక్కెర ఎంత?" అనేవాడు. నేను మెల్లగా నేర్చుకున్నాను. పాటలకి తలెత్తి ఉంచగలిగాను. చెయ్యి చెయ్యి పట్టుకున్నా ఓర్చుకున్నాను. అవసరమైన చోటే దించేదాన్ని. పిన్ని పని బాగా సాగింది. నాకూ కడుపునొప్పి సంగతి మర్చిపోయే రోజులు వచ్చాయి. కేలెండరు వైపు మాత్రం చూసేదాన్ని కాదు.

పిన్ని పనిలో ఇంకో పద్ధతి ఉంది. ముక్క తీసేశాక మిగిలిన రెండు కొసలూ కలపాలి. అతుకు కనపడితే చూసేవాడికి మధ్యలో ఏదో తీసేశారని తెలిసిపోతుంది. దానికి పరీక్ష మా బాబాయి. ఆయన పళ్ళ డాక్టరు దగ్గర కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. కత్తిరించిన సినిమా పిన్ని ఇంటికి తెచ్చి ఆయనకి చూపిస్తుంది. అసలు సినిమా ఆయనకి చూపించదు. మధ్యలో ఆయన, "ఇదేంటి, ఇప్పుడేగా అక్కడున్నాడు?" అని అడిగితే అతుకు బయటపడ్డట్టు, అడగకపోతే పని కుదిరినట్టు. మీ పళ్ళకీ నా సినిమాలకీ కష్టం ఒకటేనండీ అని పిన్ని ఎప్పుడూ అనేది. నా పళ్ళు కనీసం నమలడానికి పనికొస్తాయి అనేవాడు బాబాయి.

సెలవులు ఆఖరికి వస్తుండగా ఒక చిన్న సినిమా వచ్చింది. పేరున్న వాళ్ళెవరూ లేరు. నా ఈడు పిల్ల ఒకర్తి వయొలిన్ కావాలని తండ్రి వెంటపడుతుంది. ఆయన పస్తులుండి కొనిపెడతాడు. పిల్ల సంతోషంగా మాస్టారి ఇంటికి పాఠానికి వెళుతుంది. కొన్నాళ్ళకి మానేస్తుంది. ఎంత తిట్టినా వెళ్ళదు. వయొలిన్ అటక ఎక్కుతుంది. తండ్రీ కూతుళ్ళకి మాటలుండవు. చాలా కాలం తరవాత పిల్లే ఆ వయొలిన్ని అటక మీంచి దించి, వేరే మాస్టారి దగ్గర వాయిస్తుంది. అంతే కథ.

మానేసే ముందు ఒక సీను ఉంది. మాస్టారు వయొలిన్ కమాను ఎలా పట్టుకోవాలో చూపిస్తూ పిల్ల చేతి మీద చెయ్యి వేస్తాడు. చూపించడం అయిపోయినా తియ్యడు. పిల్ల కిటికీ వైపు చూస్తూ ఉంటుంది. కిటికీ అద్దం మీద ఈగ ఒకటి పాకుతూ ఉంటుంది. మాస్టారు ఏదో మామూలు మాటే మాట్లాడుతుంటాడు. ఇంకేమీ జరగదు. ఈగ పాకడం ఆపేస్తుంది, సీను అయిపోతుంది.

నేను తల దించాను. సిగ్గేసి కాదు. నా చెయ్యి పిన్ని శాలువా కొంగు కింద దాచుకున్నాను కూడా. పిన్ని అద్దంలో చూసింది, గుర్తు పెట్టింది, కత్తిరించింది. బోర్డు వాళ్ళు ఎలాగూ దానికి అభ్యంతరం పెడతారని తనకీ అనిపించిందట. మాస్టారి ఇంటి తలుపు తెరుచుకునే చోటికి, పిల్ల వీధిలో నడిచి వచ్చే చోటిని కలిపింది. ఎండ, నీడ, అడుగుల చప్పుడు అన్నీ అతికాయి. బోర్డు నుంచి "అందరూ చూడొచ్చు" అని వచ్చింది. మేనేజరు మొహం మతాబులా వెలిగింది. ఆదివారం మధ్యాహ్నానికి బడి సంచుల వాళ్ళ ప్రకటనలు మాట్లాడేసుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పిన్ని ఆ సినిమా బాబాయికి వేసింది. నేను కింద కూర్చుని బట్టలు మడతపెడుతున్నాను. బాబాయి మధ్యలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పిల్ల పాఠానికి వెళ్ళనని మొండికేసే చోటు వచ్చింది. తండ్రి బతిమాలాడు, తిట్టాడు. పిల్ల గోడ వైపు తిరిగి పడుకుంది.

"ఈ పిల్లకి ఒళ్ళు వంగదు. కొనేదాకా ప్రాణం తీసింది, కొన్నాక మోజు తీరింది. ఒళ్ళు బద్ధకం, ఇంకేం కాదు," అన్నాడు బాబాయి.

పిన్ని అతుకు కుదిరిందన్న సంతోషంతో నా వైపు చూసి కన్ను గీటింది. నా చేతిలో బాబాయి చొక్కా ఉంది. మడత పెట్టిందే మళ్ళీ విప్పి మడత పెడుతున్నాను. బాబాయి మంచివాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఆయనకే అలా అనిపించిందంటే రేపు ఈ సినిమా చూసే వాళ్ళందరికీ అలాగే అనిపిస్తుంది. ఎన్ని ఇళ్ళల్లోనో అందరూ ఆ పిల్లని తిట్టుకుంటారు. మాస్టారిని ఎవరూ ఏమీ అనరు. ఆయన తలుపు తీసి లోపలికి రమ్మన్న పెద్దమనిషిగానే మిగిలిపోతాడు.

"బద్ధకం కాదు బాబాయ్," అన్నాను.

నేను మామూలుగా అంత గట్టిగా మాట్లాడను. బాబాయి ఆశ్చర్యపోయి, "మరి?" అన్నాడు.

"మధ్యలో ఒక సీనుంది. పిన్ని తీసేసింది."

"నేను తీసెయ్యడమేంటే, నువ్వేగా తల దించావు," అంది పిన్ని నవ్వుతూ.

"సిగ్గేసి దించలేదు."

పిన్ని నవ్వు సగంలో ఆగింది. రిమోటు నొక్కి సినిమా ఆపింది. తెర మీద ఆ పిల్ల గోడవైపు తిరిగి అలాగే ఉండిపోయింది. బాబాయి ఒకసారి నన్నూ ఒకసారి పిన్నినీ చూశాడు. టీ పెడతానని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాడు. ఆయనకి టీ పెట్టడం రాదని మా అందరికీ తెలుసు.

పిన్ని సోఫా మీంచి దిగి నా పక్కన బట్టల మధ్య కూర్చుంది. నా చేతిలోని చొక్కా తీసి పక్కన పెట్టింది. ఆ తరవాత, "నువ్వు బడి మానింది?" అంది.

"బద్ధకంతో కాదు," అన్నాను.

ఇక మిగతాదంతా చెప్పాను. చిల్లర, పేరు అడగడం, సీటు, కాలు. చెబుతుంటే అన్నీ చాలా చిన్నవిగా వినపడ్డాయి. ఇంతేనా అంటుందేమోనని భయపడ్డాను. పిన్ని ఇంతేనా అనలేదు. వాడెలా ఉంటాడు, ఏ బస్సు, ఎన్నింటికి వస్తుంది అని అడిగింది. అమ్మకి ఎందుకు చెప్పలేదని మాత్రం అడగలేదు. చదువు మాన్పించేస్తారు పిన్నీ అని నేనే చెప్పాను. అమ్మకి నువ్వు చెబుతావా నన్ను చెప్పమంటావా అని అడిగింది. నేను ఫోన్ ఆమె వైపు జరిపాను. ఆమే ఫోన్ తీసుకుని పడగ్గదిలోకి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు. నాకు వినపడాలనే వెయ్యలేదనుకుంటాను.

"అక్కా, తీరిగ్గా ఉన్నావా... కాదు, ఒంట్లో బాగానే ఉంది. కూర్చో ముందు," అని మొదలుపెట్టింది. చెప్పాక అటువైపు అమ్మ ప్రశ్నలు వేస్తున్నట్టుంది. ఇటు పిన్ని ఊ కొడుతూ ఉంది. "ఎవరికీ తెలీదక్కా. నాకూ మా ఆయనకీ, ఇప్పుడు నీకూ... అబద్ధమెందుకు చెబుతుందక్కా? నువ్వు పెంచిన పిల్లేగా... బావకి నువ్వు చెబుతావా, నన్ను రమ్మంటావా... మాన్పించడం కాదక్కా. మానెయ్యాల్సింది అది కాదు."

బాబాయి టీ తెచ్చాడు. అందులో టీ పొడి లేదు, పాలూ చక్కెరా మాత్రమే ఉన్నాయి. నేనూ బాబాయీ అలాగే తాగేశాం. ఆయన గ్లాసులు తీసుకువెళుతూ, "నోటికొచ్చింది అనేశాను," అన్నాడు. ఆ పిల్లని అన్నందుకో, నన్ను అన్నట్టయినందుకో నేను అడగలేదు.

ఆదివారం పొద్దున్నే పిన్ని నన్ను తీసుకుని ఆఫీసుకి వెళ్ళింది. తీసేసిన ముక్క దాని చోట దాన్ని పెట్టేసింది. పిన్ని ఫోన్ చేస్తే మేనేజరు ఇంటి నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. మధ్యాహ్నం వెయ్యాల్సిన సినిమా ఇది, ఆ సీనుతో వేస్తే బోర్డుకి ఇచ్చిన మాట తప్పినట్టవుతుంది, మళ్ళీ పంపిస్తే తొమ్మిది దాటాక వెయ్యమంటారు అని ఊపిరి సలపకుండా చెప్పాడు. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. పిన్ని కూడా కాదనలేదు. మళ్ళీ పంపిద్దామంది, ఈ మధ్యాహ్నానికి వేరే సినిమా సిద్ధంగా ఉందంది.

"ఆ కాస్త ముక్క లేకపోతే ఏమైందమ్మా? కథ తెలుస్తూనే ఉందిగా."

"కథ తెలుస్తోందండీ, తప్పెవరిదో తెలియడం లేదు. అది తీస్తే తప్పంతా పిల్ల నెత్తిన పడుతోంది. మా ఆయన్ని అడగండి."

"మీ ఆయనేమైనా రేటింగు బోర్డా?"

"బోర్డు వాళ్ళు నేను తీసేశాక చూశారండీ. ఆయనా అంతే చూశారు."

మేనేజరు కుర్చీలో కూలబడి నా వైపు చూశాడు. "మీటరుగారు ఏమంటారు?" అన్నాడు. వెటకారంగానే అన్నాడు. నేను ఉంచండి అన్నాను. ఆయనకి అంతా తెలియదు. తెలిసినట్టు కూడా చూడలేదు. బడి సంచుల వాళ్ళకి ఫోన్లో తనే ఏదో సర్దిచెప్పుకుంటూ బయటికి వెళ్ళాడు. ఆ సినిమా రెండో రేటింగుతో బుధవారం రాత్రి వేశారు. ఆ నెల మిగతా రోజులన్నీ పిన్నికి కుస్తీ పోటీలలో తిట్లు వినపడకుండా చేసే పని అప్పగించారు.

బుధవారం దాకా నేను అక్కడ లేను. సోమవారం అమ్మ వచ్చింది. నన్ను చూడగానే దగ్గరికి తీసుకోలేదు. ముందు నా జుట్టు చూసి నూనె పెట్టుకోవడం లేదా అంది. ఆ తరవాత నా కుడిచెయ్యి పట్టుకుని, బస్సు స్టాండు దాకా వదల్లేదు. అక్కడ మా ఊరి బస్సు ఆగి ఉంది. అమ్మ దాని వైపు వెళ్ళలేదు. వెనకాల మా ఊరి బస్సులు నడిపే డిపో ఆఫీసు ఉందట, అటు నడిచింది.

లోపల కళ్ళజోడు పెట్టుకున్న అధికారి ఒకాయన ఉన్నాడు. అమ్మ నిలబడే చెప్పింది. మా అమ్మ కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే కొంగు చివర వేలికి చుట్టుకుంటుంది. ఆ రోజూ చుట్టుకుంది, కానీ చెప్పాల్సిందంతా చెప్పింది. ఆయన నన్ను చూసి, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా అన్నాడు.

"ఇప్పుడు చెప్పిందిగా," అంది అమ్మ.

ఆయన సరేనన్నాడు. ఆ కండక్టరుని రేపటి నుంచి ఇంకో రూటుకి మారుస్తాను, మీరు నిశ్చింతగా వెళ్ళండి అన్నాడు. నాకు అదే చాలనిపించింది. లేవబోయాను కూడా. అమ్మ అప్పటిదాకా నిలబడే ఉంది. ఆ మాట విన్నాక కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏ రూటుకండీ?"

"అది మీకెందుకమ్మా? మీ అమ్మాయి బస్సులో ఉండడుగా."

"ఆ రూటులో కూడా బడిపిల్లలుంటారు కదండీ."

అధికారి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. బయట మా బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. అమ్మ అటు తల కూడా తిప్పలేదు. చివరికి ఆయన లోపలి గదిలోంచి ఒకావిడని పిలిచాడు. మొదటి నుంచి చెప్పమని నన్ను అడిగారు, ఆవిడ రాసుకుంది. ఈసారి చెప్పడం అంత కష్టమనిపించలేదు. విచారణ అయ్యేదాకా అతన్ని బస్సు ఎక్కనివ్వనని ఆయన అమ్మకి మాటిచ్చాడు. ఇంకెవరైనా పిల్లలున్నారేమో కనుక్కోవాలని ఆవిడ తనలో తను అనుకున్నట్టు అంది.

ఇంటికి చేరేసరికి చీకటి పడింది. నాన్న గుమ్మంలోనే ఉన్నాడు. అమ్మ ఫోన్లో ఎంత చెప్పిందో ఏమో నాకు తెలియదు. అన్నం తల వంచుకునే తిన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి తువ్వాలుతో చాలాసేపు తుడుచుకున్నాడు.

"బడి తెరిచేలోపు నీది ఫొటో ఒకటి కావాలి. ఈ ఏడాది నీకు బస్సు పాసు తీస్తాను. పాసుంటే ఎవరి దగ్గరా చిల్లర తీసుకోనక్కర్లేదు," అన్నాడు.

నేను సరేనన్నాను. ఫొటోకి రెండు జడలు వేసుకుని దిగనా, ఒక్క జడ వేసుకోనా అని అడిగాను. అది మీ అమ్మనడుగు అన్నాడు.